సంవత్సరారంభపు సీతాకోకచిలుకలు: తొలిసారి కనబడిన తేదీ ఒక్కటి రాసుకుంటే చాలునా?

మొదటిచూపు · జనవరి 11, ఉదయం 8:40

సభ్యులందరికీ నమస్కారం. నేను సీతాకోకచిలుకలను గమనించడం మొదలుపెట్టి ఇంకా ఏడాది నిండలేదు. పోయిన సంవత్సరం నడిమధ్యలో మొదలుపెట్టినందువల్ల తొలి మూడు నెలల పేజీలు నా నోట్‌బుక్‌లో లేనే లేవు. అందుకని ఈసారి జనవరి రాకముందే పేజీకి ఒక జాతి చొప్పున కేటాయించి, ప్రతి జాతి తొలిసారి ఏ తేదీన కనబడిందో రాసుకోవడానికి గీతలు గీసి సిద్ధంగా ఉంచుకున్నాను.

నాలుగు రోజుల కిందట పసుపుపచ్చని సీతాకోకచిలుక ఒకటి కంచె మీదుగా దాటిపోయింది. నేను చూసింది రెండు రెప్పపాట్లు మాత్రమే. దానిని ఏ పేజీలో రాయాలో తెలియక అప్పటి నుంచి పెన్ను పట్టుకొని కూర్చున్నాను. పేరు తెలియని దానిని రాయవచ్చునా, తొలి తేదీతో పాటు ఇంకేమైనా రాసుకోవాలా, అసలు ఈ నెలల్లో వాటి కోసం ఏ వేళలో తిరగాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెబితే సంతోషిస్తాను.

పాతనోట్‌బుక్ · జనవరి 11, రాత్రి 9:15

మొదటిచూపు గారూ, మీరు గీతలు గీసుకున్న శ్రద్ధ మెచ్చుకోదగినదే కాని, ఆ పేజీల అమరికను ఇప్పుడే మార్చుకోమని నా సలహా. నేనూ చాలా ఏళ్ళు అలాగే జాతికొక పేజీ పెట్టి తొలి తేదీలు మాత్రమే రాసుకున్నాను. ఆ పుస్తకాలను ఇప్పుడు తిరగేస్తే వాటి నుంచి నేను చెప్పగలిగినది చాలా తక్కువ.

తొలి తేదీ అన్నది చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని, అది సీతాకోకచిలుక గురించి ఎంత చెబుతుందో చూసే మనిషి గురించీ అంతే చెబుతుంది. ఒక చోట పదిమంది వెతికిన ఏడాది కన్నా వందమంది వెతికిన ఏడాదిలో తొలి తేదీ ముందుకు జరిగే అవకాశం ఎక్కువ. సీతాకోకచిలుకలు ఒక్కరోజు కూడా ముందుగా రాకపోయినా అలా జరుగుతుంది. వాటి సంఖ్య పెరిగిన ఏడాదిలోనూ అంతే, ఎందుకంటే ఎక్కువ ఉన్నప్పుడు అందరికన్నా ముందు బయటపడే తొందరపాటు జీవి ఒకటి మన కంటబడే వీలు కూడా పెరుగుతుంది. నేను ఉద్యోగం మారి ఆదివారాలు మాత్రమే తిరగగలిగిన కాలంలో నా తొలి తేదీలన్నీ ఆదివారాలే. దానికీ ప్రకృతికీ ఏ సంబంధమూ లేదని తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

కాబట్టి జాతికొక పేజీ కాకుండా నడకకొక పేజీ పెట్టండి. ఎన్ని గంటలకు బయలుదేరారు, ఎన్ని గంటలకు ముగించారు, ఏ దారిన నడిచారు, ఎండ ఎలా ఉంది, గాలి ఎలా ఉంది, నీడలో ఉష్ణోగ్రత ఎంత, ఆ తరువాత ఏ జాతి ఎన్ని కనబడ్డాయి అన్నవి రాయండి. ఒక్కటీ కనబడకపోతే ఆ పేజీని చింపవద్దు. "11:10 నుంచి 11:55 వరకు, పలుచని ఎండ, 14 డిగ్రీలు, ఏమీ లేవు" అన్న వాక్యం నా దృష్టిలో పూర్తి విలువ ఉన్న నమోదు. ఫిబ్రవరి 3న ఏమీ లేవు, 10న ఏమీ లేవు, 17న రెండు అని ఉంటేనే 17కు అర్థం వస్తుంది. ముందున్న ఆ రెండు సున్నలు లేకపోతే, ఆ జీవి 17న బయటికి వచ్చిందో, 17న మీరు బయటికి వెళ్ళారో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నీరెండ · జనవరి 12, ఉదయం 6:50

నేను చలికాలంలో నేల గడ్డకట్టే ప్రాంతంలో ఉంటున్నాను కాబట్టి ఆ వైపు సంగతి చెబుతాను.

ఇక్కడి జాతులు చలికాలాన్ని నాలుగు దశల్లో ఏదో ఒక దశలో గడుపుతాయి. కొన్ని గుడ్డుగా, చాలా జాతులు గొంగళిపురుగుగా, మరికొన్ని ప్యూపాగా, అతి కొద్ది మాత్రమే రెక్కలున్న పెద్ద జీవిగా. ఏడాదిలో అన్నిటికన్నా ముందు ఎగిరేవి సహజంగా ఈ చివరి రకమే, ఎందుకంటే అవి పెరగవలసిన పని ఏమీ మిగలలేదు, కావలసినదల్లా వెచ్చదనం. ఐరోపాలో బ్రిమ్‌స్టోన్, పీకాక్, స్మాల్ టార్టాయిస్‌షెల్, కామా అనేవి అలాంటివి. ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా మూడింటిలోనూ ఉండే మౌర్నింగ్ క్లోక్ కూడా అంతే. ముదురు ఎరుపు రెక్కకు మీగడ రంగు అంచు ఉండే ఈ సీతాకోకచిలుక మంచు పూర్తిగా కరగకముందే చెట్టు బెరడు మీద కారిన రసం తాగుతూ కనబడుతుంది. ఆరెంజ్ టిప్, హోలీ బ్లూ వంటివి ప్యూపాలో ఉంటాయి కాబట్టి వాటి వంతు తరువాతే వస్తుంది. వాటికి వెచ్చదనం ఒక్కటే చాలదు. ప్యూపా ముందుగా కొంతకాలం చలిని అనుభవిస్తే గాని ఆ తరువాతి వెచ్చదనానికి సరిగా స్పందించదు. అందుచేత చలి తక్కువైన ప్రతి ఏడాదీ అవి అదే నిష్పత్తిలో ముందుకు వస్తాయని అనుకోవడానికి వీలులేదు.

ఏ వేళలో అన్నారు. ఎగరాలంటే సీతాకోకచిలుక ఛాతీ కండరాలు సుమారు 30 డిగ్రీల వేడికి చేరాలి, గాలి మాత్రం 13, 14 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మిగిలిన వేడిని అది ఎండ నుంచి తెచ్చుకోవాలి. కనుక ఉదయపు నడక పక్షులను చూసేవారికి మంచిదేమో గాని మనకు పనికిరాదు. పదకొండు దాటాక, గాలి తగలకుండా ఎండ తగిలే చోట, అంటే దక్షిణానికి తిరిగి ఉన్న గట్టు, గోడ, పొద అంచు వంటి చోట నిలబడండి. నేను ఉత్తరార్ధగోళం సంగతి చెబుతున్నానని గుర్తుంచుకోవాలి.

పోయిన మార్చిలో ఒక బ్రిమ్‌స్టోన్ ఎండిన ఆకుల మీద వాలి ఎండ కాచుకోవడం దగ్గరి నుంచి చూశాను. పీకాక్ అయితే రెక్కలు పరచి వీపును ఎండకు చూపిస్తుంది. బ్రిమ్‌స్టోన్ వాలినప్పుడు రెక్కలు విప్పదు. అందుకని అది మూసిన రెక్కలతోనే మెల్లగా ఒక పక్కకు ఒరిగి, రెక్క అడుగుభాగం మొత్తం ఎండకు ఎదురుగా వచ్చేదాకా కాళ్ళు సర్దుకుంది. దాని నీడ వెడల్పయింది. మబ్బు అడ్డం వచ్చినప్పుడు నిటారుగా లేచింది, మబ్బు తొలగగానే మళ్ళీ ఒరిగింది. పదకొండు నిమిషాల తరువాత ఎగిరిపోయింది.

మొదటిచూపు · జనవరి 12, రాత్రి 8:05

పాతనోట్‌బుక్ గారూ, నీరెండ గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. గీసిన గీతలను కొట్టివేసి కొత్త పేజీలు మొదలుపెట్టాను. అయితే నేను ఉన్న చోట చలి పేరుకు మాత్రమే. సంవత్సరమంతా ఏదో ఒక సీతాకోకచిలుక ఎగురుతూనే ఉంటుంది. మరి నేను చూసిన ఆ పసుపు జీవి ఏదై ఉంటుంది?

గొంగళిమిత్ర · జనవరి 13, మధ్యాహ్నం 1:30

చలిలేని చోట పసుపు అనగానే ముందు రెండు అనుమానాలు వస్తాయి. చిన్నదిగా, నేలకు మోకాలెత్తు లోపున, తడబడుతున్నట్టు గడ్డి మీదుగా ఎగిరితే గ్రాస్ యెల్లో జాతుల్లో ఒకటి కావచ్చు. పెద్దదిగా, లేత పసుపుగా, తలెత్తి చూసేంత ఎత్తులో, ఎక్కడికో పని మీద వెళుతున్నట్టు తిన్నగా దూసుకుపోతే ఎమిగ్రెంట్ జాతి కావచ్చు. కంచె మీదుగా దాటింది అన్నారు కాబట్టి నా మొగ్గు రెండో దాని వైపే గాని, రెండు రెప్పపాట్ల చూపుకు నా మొగ్గుతో ముద్ర వేయడం తప్పు. మీ నోట్‌బుక్‌లో "పియరిడే కుటుంబం, పసుపు, జాతి తేలలేదు" అని రాయండి. తెలుపు, పసుపు సీతాకోకచిలుకలు ఎక్కువగా ఉండే కుటుంబం అది. పేరు తెలియని దానిని రాయవచ్చునా అని అడిగారు కదా, తప్పకుండా రాయాలి. తెలిసినంత మేరకే రాయాలి, అంతే. కుటుంబం వరకు సరిగా ఉన్న నమోదు నాకు ఎన్నటికైనా పనికివస్తుంది గాని, జాతి పేరు ఊహించి రాసినది పనికిరాదు, పైగా పక్కనున్న సరైన వాటి మీద కూడా అనుమానం తెస్తుంది.

ఇక అసలు విషయం. నీరెండ గారు చెప్పిన లెక్క చలిప్రాంతాలకు సరిపోతుంది. వేడి ప్రాంతాల్లో చాలా జాతులకు "తొలి దర్శనం" అన్న మాటకే అర్థం లేదు. ఆఫ్రికా నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా వరకు విస్తరించిన ప్లెయిన్ టైగర్ జిల్లేడు ఉన్నంతకాలం తరం వెనక తరం పెడుతూనే ఉంటుంది. జనవరి 2న కనబడిన ప్లెయిన్ టైగర్ డిసెంబరు 30న కూడా అక్కడే తిరిగి ఉండవచ్చు. అలాంటి చోట తేదీ బదులు రూపాన్ని రాయండి అంటాను.

వానలు లేని ఈ నెలల్లో కొన్ని జాతులు వేరే వేషంలో ఉంటాయి. కామన్ ఈవినింగ్ బ్రౌన్ వానాకాలంలో రెక్క అడుగున వరుసగా కంటిమచ్చలు పెట్టుకొని ఉంటుంది. పొడికాలంలో ఆ మచ్చలు చెరిగిపోయినట్టై రెక్క అచ్చం ఎండుటాకులా మారుతుంది. పీకాక్ పాన్సీకి రెక్కల అంచులు కూడా కోసుగా మారి, అడుగున ఆకు ఈనె వంటి గీత వస్తుంది. గ్రాస్ యెల్లోకు అడుగున గోధుమరంగు మరకలు పెరుగుతాయి. ఇది ఒకే జీవి రంగు మార్చుకోవడం కాదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తగిలిన వేడి, చలి తరువాత వచ్చే రెక్క రూపాన్ని నిర్ణయిస్తాయని ఆఫ్రికాకు చెందిన బైసైక్లస్ అనినానా అనే జాతి మీద ప్రయోగశాలల్లో చాలాకాలం పరిశోధించి తెలుసుకున్నారు. కాబట్టి మీరు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో "పొడికాలపు రూపం", "వానాకాలపు రూపం", "మధ్యస్థం" అని ఒక గడి పెట్టుకుంటే, రూపం ఎప్పుడు మారుతున్నదో మీ నోట్‌బుక్కే చెబుతుంది. నాకు అది తొలి తేదీ కన్నా ఎంతో రుచికరమైన సమాచారం.

లెక్కలమనిషి · జనవరి 14, ఉదయం 10:20

చర్చ చదివాను. తేదీల గురించి ఒక హెచ్చరిక చేయదలచుకున్నాను, ఎందుకంటే ఆ దెబ్బ తిన్నవాడిని నేనే.

కొన్నేళ్ళ కిందట నా ఫొటోలన్నిటినీ ఒకేసారి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫొటోలోని తేదీని బట్టి పట్టిక తయారు చేసుకున్నాను. ఎన్నడూ లేనంత ముందుగా, జనవరి 1న, నాలుగు జాతులు ఎగిరినట్టు తేలింది. పొంగిపోయి ఇద్దరు మిత్రులకు చెప్పాను కూడా. వారిలో ఒకరు ఫొటో చూసి, వెనుక ఉన్న చెట్టు నిండా ఆకులతో, కాయలతో ఉన్నదే, జనవరిలో ఆ చెట్టు మోడుగా ఉంటుంది కదా అని అడిగారు. జరిగినదేమిటంటే కెమెరా బ్యాటరీ పూర్తిగా దిగిపోయినప్పుడు గడియారం మొదటికి వెళ్ళి జనవరి 1 నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కొత్త బ్యాటరీ వేసిన నేను తేదీ సరిచేసుకోలేదు. ఆ నాలుగు జాతులూ నడివేసవివి.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదు. పాత నమూనాల చీటీ మీద సంవత్సరం మాత్రమే ఉన్నప్పుడు, కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు నెల, రోజు గడులు ఖాళీగా ఉండటానికి ఒప్పుకోని వ్యవస్థలు దానిని జనవరి 1గా మార్చేస్తాయి. అందువల్ల పెద్ద సమాచార నిధుల నుంచి తొలి తేదీలు తీసేవారు జనవరి 1 కనబడగానే ముందు అనుమానించాలి. మీరు నిజంగానే జనవరి 1న ఏదైనా చూస్తే, దయచేసి పక్కన "ఇది నిజమైన తేదీయే" అని ఒక ముక్క రాయండి.

ఆకుచాటు · జనవరి 14, రాత్రి 10:45

పెద్దలు నన్ను మన్నించాలి. ఉష్ణోగ్రత, గాలి, బయలుదేరిన సమయం, ముగించిన సమయం, రూపం, కుటుంబం అంటూ ఇన్ని గడులు చూస్తే కొత్తగా వచ్చినవారు పుస్తకం మూసి ఇంటికి పోతారు. నేను ఫోనుతో ఫొటో తీసి, అందరూ తాము చూసిన జీవులను పంచుకునే ఐనాచురలిస్ట్ అనే వేదికలో పెడతాను. తేదీ, స్థలం అదే తీసుకుంటుంది, పేరు తెలియకపోతే ఎవరో ఒకరు చెబుతారు. నావి ఇప్పటికి వెయ్యి దాటాయి. ఇందులో లోపం ఏముంది?

పాతనోట్‌బుక్ · జనవరి 15, ఉదయం 7:30

ఆకుచాటు గారూ, లోపమని నేను అనను. ఫొటో, తేదీ, స్థలం ఉండి, చూసినవారిలో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువమంది ఒకే పేరుకు ఒప్పుకుంటే ఆ పరిశీలనకు అక్కడ పరిశోధన స్థాయి లభిస్తుంది, అనుమతించిన లైసెన్సు ఉంటే జీబీఐఎఫ్ అనే ప్రపంచస్థాయి నిధికి కూడా చేరుతుంది. నా నోట్‌బుక్‌లలోని ఎన్నో పేజీలకు ఆ భాగ్యం లేదు. ఫొటో ఉంటే ఇరవై ఏళ్ళ తరువాత కూడా తప్పు దిద్దవచ్చు, నా రాతను ఎవరు దిద్దుతారు?

అయితే ఫోను చెప్పనిది ఒకటుంది. మీరు వెళ్ళి ఏమీ చూడకుండా తిరిగివచ్చిన రోజులు అందులో లేవు. పైగా మనిషి సహజంగా అరుదైన దానికి, అందమైన దానికి, కదలకుండా కూర్చున్న దానికి ఫొటో తీస్తాడు. ముప్పై తెల్ల సీతాకోకచిలుకలు ఎగిరిన చోట ఒక్క నీలిదానిని ఫొటో తీసి వస్తే, మీ వెయ్యి ఫొటోలలో ఆ ముప్పై ఉండవు.

బ్రిటన్‌లో 1976 నుంచి సీతాకోకచిలుకల లెక్కింపు పథకం ఒకటి నడుస్తున్నది. ఒకే దారిన, వారానికొకసారి, ఒకే వేగంతో నడుస్తూ, తమ ముందు అయిదు మీటర్ల లోపు, అడ్డంగా అయిదు మీటర్ల వెడల్పులో కనబడిన వాటినే లెక్కపెడతారు. నీడలో 13 డిగ్రీలకు తక్కువైతే నడవరు. 13 నుంచి 17 వరకు ఉంటే ఎండ కనీసం అరవై శాతం ఉండాలి, 17 దాటితే వాన లేకపోతే చాలు. ఎర్నెస్ట్ పొలార్డ్ రూపొందించిన ఈ పద్ధతికి అంత పేరు రావడానికి కారణం అందులోని అరుదైన జాతులు కావు, ఈ విసుగుపుట్టించే క్రమమే. కాని ఒక సంగతి గమనించండి. అక్కడి ప్రధాన లెక్కింపు కాలం ఏప్రిల్ ఒకటిన మొదలై ఇరవై ఆరు వారాలు సాగుతుంది. అంటే జనవరి నుంచి మార్చి వరకు ఎగిరినవాటి సంగతి చాలావరకు మీవంటి, నావంటి విడి మనుషుల నమోదుల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ మూడు నెలలకైనా కాస్త గడులు ఎక్కువ పెట్టుకుందామన్నాను.

మీకు విసుగైతే అన్నీ వదిలేయండి, రెండు మాత్రం రాయండి: ఎంతసేపు తిరిగారు, ఏమీ కనబడని రోజు ఏది.

ఆకుచాటు · జనవరి 15, ఉదయం 9:10

రెండైతే రాయగలను.

నీరెండ · జనవరి 15, సాయంత్రం 6:25

రెక్కల అరుగుదలను ఎవరూ ప్రస్తావించలేదు. చలిప్రాంతాల్లో వసంతపు తొలి వారాల్లో అది చాలా చెబుతుంది. రెక్కల పొలుసులు రాలి, రంగు వెలిసి, అంచులు చిరిగి ఉన్న పీకాక్ కనబడితే అది నిరుటి వేసవిలో పుట్టి చలికాలం గడిపి లేచినది. అదే సమయంలో కొత్త నోటులా మడత నలగని ఆరెంజ్ టిప్ కనబడితే అది ఈ వసంతంలో ప్యూపా చీల్చుకొని వచ్చినది. మొదటిది లేవడం ఒక్క వెచ్చని మధ్యాహ్నం చూపించిన ప్రభావం, రెండోది రావడం కొన్ని వారాల వాతావరణపు మొత్తం ఫలితం. రెండు తేదీలనూ ఒకే వరుసలో రాసి పోల్చడం సరికాదు. నేను 1 నుంచి 5 వరకు అంకె వేస్తాను: 1 అంటే సరికొత్తది, 5 అంటే ఎగరగలగడమే ఆశ్చర్యం. ఆరెంజ్ టిప్‌లో మగవి ఆడవాటికన్నా కొన్ని రోజులు ముందు వస్తాయి కాబట్టి మగ, ఆడ కూడా రాస్తాను. నారింజ కొస మగదానికే ఉంటుంది, ఆడదానిని చాలామంది తెల్ల సీతాకోకచిలుక అనుకొని వదిలేస్తారు.

చలికాలంలో ఎగిరేవాటి కోసమే చూడనక్కరలేదు కూడా. బ్రౌన్ హెయిర్‌స్ట్రీక్ అనేది గుడ్డుగా చలికాలం గడుపుతుంది. బ్లాక్‌థార్న్ అనే ముళ్ళపొద కొమ్మ చీలే చోట, గుండుసూది తల కన్నా చిన్నదైన తెల్లని చుక్క అది. ఆకులు రాలిపోయిన కొమ్మ నల్లగా ఉంటుంది కాబట్టి జనవరిలో ఆ తెలుపు స్పష్టంగా కనబడుతుంది. పెద్ద జీవి చెట్ల తలల మీద తిరుగుతూ కంటికి దొరకదు, అందువల్ల దానిని లెక్కపెట్టేవారు చలికాలపు గుడ్లనే లెక్కపెడతారు. ఫొటో తీయలేని చలిరోజున కూడా చేయగల పని ఇది. నా వేళ్ళు మాత్రం ముళ్ళకు చిరిగిపోయాయి.

మరో రెండు జాగ్రత్తలు. మార్చి ఎండలో బర్చ్ చెట్ల పైభాగాన నారింజ రంగు రెక్కలు మెరిస్తే అది స్మాల్ టార్టాయిస్‌షెల్ కాకుండా ఆరెంజ్ అండర్‌వింగ్ అనే పగటిపూట ఎగిరే చిమ్మట కావచ్చు. బైనాక్యులర్‌తో మీసాల కొసలు చూడండి, సీతాకోకచిలుకకు అక్కడ చిన్న గుబ్బ ఉంటుంది. ఇంట్లో వెచ్చదనానికి మేల్కొని జనవరిలో కిటికీ అద్దం మీద కొట్టుకునే టార్టాయిస్‌షెల్‌ను నమోదు చేయండి, కాని "ఇంటి లోపల" అని తప్పక రాయండి. దానిని చలిలోకి వదిలేయకండి, తాగడానికి పూలు లేక చనిపోతుంది. మెల్లగా పట్టి చీకటిగా, చల్లగా, ఎలుకలు రాని చోట, బయటికి పోవడానికి సందు ఉండేలా పెడితే మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది.

గొంగళిమిత్ర · జనవరి 16, మధ్యాహ్నం 12:15

నీరెండ గారి "ఇంటి లోపల" అన్న మాటకు ఇంకొకటి కలుపుతాను. డబ్బాలో గొంగళిపురుగును పెంచి, అది ప్యూపా నుంచి బయటికి వచ్చిన రోజును తొలి దర్శనంగా రాసేవారిని చూశాను. ఇంటి వెచ్చదనంలో పెరిగినది బయట ఉన్న దానికన్నా ముందే వస్తుంది. దానిని "పెంచినది" అని విడిగా రాయాలి. వేడుకల్లో డబ్బాల నుంచి వదిలే సీతాకోకచిలుకల సంగతీ అంతే. అకాలంలో, అసందర్భమైన చోట, మరీ సరికొత్తగా ఉన్న జీవి కనబడితే సంతోషించే ముందు చుట్టుపక్కల విచారించండి.

స్థలం విషయంలో, అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తరువాత నాలుగు అంకెల వరకు రాస్తే సుమారు పదకొండు మీటర్ల ఖచ్చితత్వం వస్తుంది, అంతకు మించి అక్కరలేదు. అరుదైన జాతి అయితే బహిరంగంగా ఖచ్చితమైన చోటు చూపించవద్దు, పట్టుకుపోయి అమ్మేవారు కూడా ఈ పటాలు చూస్తారు. ఆకుచాటు గారు వాడే వేదికలో చోటును మరుగుపరచే వీలుంది, అప్పుడు ఒక పెద్ద గడి మాత్రమే కనబడుతుంది. మీ పుస్తకంలో మాత్రం అసలు చోటు రాసుకోండి.

లెక్కలమనిషి · జనవరి 16, రాత్రి 9:00

తొలి తేదీని మరీ చులకన చేసినట్టున్నాము. అందరూ దానిని తిడుతున్నా, కొన్ని చోట్ల అదే సరైన ప్రశ్న. మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికోలోని ఓయమెల్ ఫర్ అడవుల్లో చలికాలం గడిపి మార్చిలో ఉత్తరానికి బయలుదేరతాయి. చలికాలంలో అవి అసలే లేని చోట తొలిసారి కనబడిన తేదీలను పటం మీద గుర్తిస్తే వలస ఎలా పాకుతున్నదో కళ్ళకు కడుతుంది. ఒకరి తేదీ కాదు, వేలమంది తేదీలు కలిసినప్పుడు మాత్రమే. అదే మోనార్క్‌లలో కాలిఫోర్నియా తీరాన చలికాలం గడిపే వాటిని 1997 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు ప్రతి చలికాలమూ గుంపుల వద్దకు వెళ్ళి లెక్కిస్తున్నారు. 2020లో వారికి కనబడినవి 2,000 కన్నా తక్కువ. ముందటి సంవత్సరాల్లో కూడా అవే చెట్ల కింద నిలబడి లెక్కించి ఉన్నందువల్లనే ఆ అంకెను చూసి అందరూ ఉలిక్కిపడ్డారు.

మొదటిచూపు · ఫిబ్రవరి 9, సాయంత్రం 5:40

దాదాపు నెల గడిచింది. మీరు చెప్పినట్టు నడకకొక పేజీ పెట్టి ఏడుసార్లు తిరిగాను. అందులో రెండు నడకలు పూర్తిగా ఖాళీ. మొదటి ఖాళీ రోజున సున్న వేయడానికి మనసొప్పలేదని ఒప్పుకుంటున్నాను, నలభై నిమిషాలు వృథా అయినట్టు అనిపించింది. రెండోసారి అలా అనిపించలేదు, గాలి ఎంత బలంగా ఉన్నదో రాస్తున్నప్పుడే ఎందుకు ఏమీ లేవో అర్థమైంది.

నిన్నటి పేజీని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

"ఫిబ్రవరి 8. 11:05 నుంచి 12:00. ఎండ బాగుంది, గాలి స్వల్పం, నీడలో 27 డిగ్రీలు. గ్రాస్ యెల్లో రకం 6, వాలినది ఒకటే, అడుగున గోధుమ మరకలు ఉన్నాయి, పొడికాలపు రూపం కావచ్చు. కామన్ రోజ్ 1, ఒళ్ళు ఎరుపు, కాబట్టి దానిని అనుకరించే కామన్ మార్మన్ ఆడది కాదు. ప్లెయిన్ టైగర్ 3, వాటిలో ఒకటి ఆడది, నేల మీద వాలి ఉన్నది, అరుగుదల 2. పసుపు, పెద్దది, ఎత్తులో, తిన్నగా వెళ్ళినది 1, పియరిడే, జాతి తేలలేదు."

ప్లెయిన్ టైగర్ మూడింటి ఫొటోలూ జత చేశాను. పసుపుది ఈసారి కూడా దొరకలేదు.

గొంగళిమిత్ర · ఫిబ్రవరి 9, రాత్రి 8:20

పేజీ చాలా బాగుంది. గ్రాస్ యెల్లోను "రకం" అని వదిలినది సరైన పని, ఆ జాతులను ఎగురుతుండగా విడదీయడం నాకూ చేతకాదు. కామన్ రోజ్ విషయంలో ఒళ్ళు చూడాలని మీరే కనిపెట్టుకున్నందుకు అభినందనలు.

మూడో ఫొటోను మాత్రం ఒకసారి పెద్దది చేసి చూడండి. ప్లెయిన్ టైగర్ వెనుక రెక్క మధ్యభాగం చుట్టూ మూడో నాలుగో నల్లచుక్కలు ఉండాలి. మొదటి రెండు ఫొటోలలో ఉన్నాయి. మీరు ఆడది అన్న మూడో దానికి వెనుక రెక్క పై అంచు దగ్గర ఒకే ఒక్క చుక్క ఉన్నది. అది డానయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. ప్లెయిన్ టైగర్ పక్షులకు రుచించదు కాబట్టి ఇది దాని వేషం వేసుకొని బతుకుతుంది. దీని మగది నల్లగా, తెల్లని పెద్ద మచ్చలతో, మరో జీవిలా ఉంటుంది కాబట్టి అక్కడే మగది కనబడిందేమో గుర్తు తెచ్చుకోండి.

మొదటిచూపు · ఫిబ్రవరి 9, రాత్రి 9:05

పెద్దది చేసి చూశాను. ఒక్కటే చుక్క. నిన్న దాని ముందు మోకాళ్ళ మీద కూర్చొని నాలుగు నిమిషాలు చూశాను గాని చుక్కలు లెక్కపెట్టాలని తోచలేదు. మగది కనబడలేదు.

పేజీలో "ప్లెయిన్ టైగర్ 3" అన్నదాని మీద ఒక గీత గీసి, పక్కన "2" అనీ, దాని కింద "డానయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది 1, ఫొటో చూసి దిద్దినది, ఫిబ్రవరి 9" అనీ రాశాను. పాత అంకె గీత కింద కనబడుతూనే ఉంది.